గింజ మనిషికి... గడ్డి గేదెకు!

కోతలైపోయాయి. నూర్పిళ్లూ అయిపోయాయి. ధాన్యం బస్తాలకెక్కి ఇంటికో మిల్లుకో వెళ్లిపోయింది. గడ్డి మాత్రం వామై దొడ్లో కూర్చుంది. ఒకే వరి మొక్క రెండు వాటాలైంది. గింజ మనిషిది, పరక పశువుది. తెలుగునాట తరతరాలుగా సాగుతున్న పంపకమిది. దీనికి కాగితాల్లేవు, సాక్షి సంతకాల్లేవు. అయినా ఏ తరమూ మాట తప్పలేదు.

పైకి చూస్తే ఈ పంపకంలో పశువుకే అన్యాయం జరిగినట్టు కనిపిస్తుంది. తెల్లటి అన్నం మనకా? ఎండిన పరక దానికా? జాలిగుండె గలవాళ్లకు మనసు చివుక్కుమంటుంది. అందుకే మిగిలిన అన్నమో, పాడవబోతున్న పిండివంటలో, పండగనాటి పొంగలో తెచ్చి గేదె ముందు పెడతారు. 'పాపం, రోజూ గడ్డేగా! ఈ ఒక్కపూటైనా మంచి తిండి తింటుంది' అనుకుంటారు. అది ఆబగా తింటుంటే చూసి మురిసిపోతారు.

చిక్కంతా అక్కడే వస్తోంది. ఆ ప్రేమే ఒక్కోసారి పశువు ప్రాణం మీదికి తెస్తోంది. ఎందుకంటే గేదె తినేది తన ఒక్కదాని కోసం కాదు. ముందు తన పొట్టలో కాపురమున్న కోటానుకోట్ల జీవుల కోసం!

ముడి విప్పేదెవరు?

బియ్యపు గింజలో ఉన్నది పిండిపదార్థం. దాన్ని విడగొడితే గ్లూకోజ్ వస్తుంది. మరి గడ్డిపరకలో ఎక్కువగా ఉండేది? సెల్యులోజ్. దాన్ని విడగొడితే వచ్చేదీ గ్లూకోజే! అంటే గింజలో ఉన్న తీపే పరకలోనూ ఉంది. తేడా అల్లా ఆ గ్లూకోజ్ పూసల్ని గుచ్చిన తీరులోనే.

పిండిపదార్థంలో ముడి వదులు. మన లాలాజలం తగలగానే ఊడిపోవడం మొదలవుతుంది. అన్నం ముద్దను కాసేపు నములుతూ ఉంటే తియ్యగా అనిపించేది అందుకే. సెల్యులోజ్‌లో అలా కాదు. ఒక పూస నిలువుగా ఉంటే పక్కది తిరగేసి ఉంటుంది. అలా గుచ్చిన దారాలన్నీ పక్కపక్కన చేరి మోకులా పెనవేసుకుంటాయి. మొక్క నిటారుగా నిలబడేది ఆ బిగువుతోనే. ఆ ముడి విప్పే ఎంజైమ్ మనిషి దగ్గర లేదు. ఆశ్చర్యం ఏమిటంటే... గేదె దగ్గరా లేదు! ఆవుకీ లేదు, మేకకీ లేదు, అడవిలో లేడికీ లేదు.

మరి రోజూ మోపులకొద్దీ గడ్డి తిని లీటర్లకొద్దీ పాలెలా ఇస్తోంది? ఆ పని చేసిపెట్టే కూలీలను పొట్టలోనే పెట్టుకుంది. కంటికి కనిపించని సూక్ష్మజీవులవి. వాటికి ఇల్లు ఇచ్చింది, వెచ్చదనం ఇచ్చింది, మేత తెచ్చి నోటికందిస్తోంది. బదులుగా అవి ముడి విప్పుతున్నాయి.

వంద లీటర్ల కుండ

నెమరువేసే పశువు పొట్టలో నాలుగు గదులుంటాయి. అన్నిటికన్నా పెద్దది మొదటిది. పశువైద్యులు దాన్ని రూమెన్ అంటారు. ఎడమ డొక్కంతా అదే. పెద్ద ఆవులో దాని సామర్థ్యం వంద లీటర్ల పైమాటే. ఇంట్లో నీళ్ల డ్రమ్ము ఎంత ఉంటుందో ఊహించుకోండి. అంత కుండ. లోపల వేడి 39 డిగ్రీల సెల్సియస్ దగ్గర నిలకడగా ఉంటుంది. ఆక్సిజన్ దాదాపు ఉండదు. పొయ్యి లేదు, మంట లేదు. ఇడ్లీపిండి పులిసినట్టు లోపల మేత పులుస్తూ ఉంటుంది.

ఆ ద్రవంలో ఒక్క మిల్లీలీటరు తీసుకుంటే అందులో బ్యాక్టీరియా వెయ్యి కోట్లకు పైనే! భూమ్మీద ఉన్న మనుషులంతా కలిసి 800 కోట్ల పైచిలుకు. అంటే కొద్ది చుక్కల్లోనే ఒక ప్రపంచం కన్నా ఎక్కువ జనాభా. బ్యాక్టీరియాతో పాటు ఈదులాడే ప్రోటోజోవాలున్నాయి, శిలీంధ్రాలున్నాయి. ఎవరి పని వారిది. శిలీంధ్రాలు గడ్డిపరకలోకి వేళ్లలాంటి పోగులు దించి చీలుస్తాయి. ఆ చీలికల్లో బ్యాక్టీరియా అతుక్కుని సెల్యులోజ్‌ను కోస్తాయి. ఒకరు వదిలేసింది మరొకరికి ఆహారం.

ఈ లోకాన్ని మనిషి చూడటానికి చాలాకాలమే పట్టింది. 1843లో పారిస్‌లో గ్రూబీ, డెలాఫాండ్ అనే ఇద్దరు పశువుల పొట్టలోని ద్రవాన్ని సూక్ష్మదర్శిని కింద పెట్టారు. అందులో చురుగ్గా ఈదుతున్న ప్రోటోజోవాలు కనిపించాయి. కానీ బ్యాక్టీరియాను పెంచి చూడటం అంత తేలిక కాలేదు. అవి గాలి తగిలితే చచ్చిపోతాయి. గాలి తగలకుండా పరీక్షనాళికలో పెంచే పద్ధతిని అమెరికా శాస్త్రవేత్త రాబర్ట్ హంగేట్ సాధించాడు. ఆయన మొదట చెదపురుగుల పొట్టలోని జీవుల మీద పనిచేశాడు. చెద కట్టెను ఎలా అరిగించుకుంటుందన్న ప్రశ్నే ఆయన్ని ఆవు దగ్గరికి నడిపించింది. రూమెన్ మీద ఆయన రాసిన పుస్తకం 1966లో వచ్చింది. ఆ రంగంలో పనిచేసేవాళ్లకు అదే పెద్దబాలశిక్ష. ఆ తర్వాత 1975లో కోలిన్ ఆర్పిన్ మరో గుట్టు విప్పాడు. గొర్రెల రూమెన్‌లో ఈదుతుంటే అందరూ ప్రోటోజోవా అనుకున్న కొన్ని జీవులు నిజానికి శిలీంధ్రాల పిల్లలని తేల్చాడు. గాలి లేనిచోట శిలీంధ్రం బతకదని అప్పటిదాకా అనుకునేవారు. ఆ నమ్మకం పోయింది.

మీగడ వెనక కథ

ఇంత కష్టపడి విప్పిన గ్లూకోజ్‌ను సూక్ష్మజీవులు గేదెకిచ్చేస్తాయా? ఇవ్వవు! అక్కడికక్కడే తినేస్తాయి. తిని, పులియబెట్టి, మూడు రకాల ఆమ్లాలను వదిలిపెడతాయి. ఎసిటిక్, ప్రొపియోనిక్, బ్యుటిరిక్. గేదె బతికేది వీటి మీదే. దానికి కావాల్సిన శక్తిలో దాదాపు 70 శాతం ఈ ఆమ్లాల నుంచే వస్తుంది. రూమెన్ గోడలు వాటిని పీల్చుకుని రక్తంలో కలిపేస్తాయి.

వెనిగర్‌కి పులుపునిచ్చేది ఎసిటిక్ ఆమ్లమే. పీచు ఎక్కువున్న మేత తిన్నప్పుడు ఇది బాగా తయారవుతుంది. పాలలో వెన్న తయారీకి పొదుగు వాడుకునే ముడిసరుకుల్లో ఇది ముఖ్యమైనది. ప్రొపియోనిక్ ఆమ్లం కాలేయానికి వెళ్లి గ్లూకోజ్‌గా మారుతుంది. పాలలో తీపికి అదే మూలం. పాలకేంద్రంలో వెన్నశాతం చూసి డబ్బు లెక్కగట్టే ఇళ్లలో ఈ సంగతి గుర్తుపెట్టుకోదగ్గది. గడ్డి తగ్గించి దాణా గుమ్మరిస్తే పాలు పెరిగినట్టే ఉంటాయి. కానీ వెన్నశాతం పడిపోతుంది. పెరుగు మీద మీగడ మందంగా కట్టిందంటే, దాని వెనక వాములోంచి దూసిన ఎండుగడ్డి ఉందన్నమాట.

కథ ఇంకా అయిపోలేదు. పులిసిన మేతతో పాటు సూక్ష్మజీవులూ పై గదుల్లోకి కొట్టుకుపోతాయి. నాలుగో గది మన జీర్ణాశయం లాంటిది. అక్కడి ఆమ్లాలు, ఎంజైములు వాటిని అరిగించేస్తాయి. చచ్చిన సూక్ష్మజీవి మంచి మాంసకృత్తు. గేదెకు అందే మాంసకృత్తుల్లో సగానికి పైగా ఇవే. వరిగడ్డిలో మాంసకృత్తులు నాలుగు శాతం కూడా ఉండటం కష్టం. అలాంటి మేత తిని పాలిస్తోందంటే కారణం ఇదే. బి12తో సహా బి విటమిన్లనూ ఆ సూక్ష్మజీవులే తయారుచేసి పెడతాయి. ఒక్కమాటలో చెప్పాలంటే... శాకాహారి అని మనం అనుకునే గేదె రోజూ తన పొట్టలోనే ఒక పంట పండించి, కోసుకుని తింటోంది!

గడ్డి తినే జంతువులన్నీ ఇలాగే చేస్తాయనుకోకండి. గుర్రం, గాడిద, ఏనుగు పొట్టల్లోనూ సూక్ష్మజీవులున్నాయి. కానీ వాటి కాపురం చివర్లో, పెద్దపేగు దగ్గర. అక్కడ పెరిగిన సూక్ష్మజీవులు అరిగే అవకాశం లేకుండానే బయటికి పోతాయి. గుర్రపు లద్దెలో పరకలు పరకలుగా కనిపించే పీచును, మెత్తటి ఆవుపేడను పక్కపక్కన పెట్టి చూస్తే తేడా చిన్నపిల్లలకైనా తెలిసిపోతుంది.

నెమరేసిందా?

పశువుకు బాగాలేదని కబురు పెడితే డాక్టరు అడిగే ప్రశ్నల్లో ఇది తప్పక ఉంటుంది. ఇంట్లో పెద్దవాళ్లూ అదే చూస్తారు. నెమరువేస్తుంటే భయం లేదు. మానేస్తే ఏదో కీడు మూడినట్టే.

పశువు గబగబా మేసేస్తుంది. తర్వాత నీడన పడుకుని, మింగినదాన్ని ముద్దముద్దగా నోట్లోకి తెచ్చుకుని తీరిగ్గా నములుతుంది. రోజుకు ఏడెనిమిది గంటలు ఇదే పని. బద్ధకంగా కనిపిస్తుంది కానీ అది పడే కష్టం అంతా ఇంతా కాదు. నమిలితే పరక నలుగుతుంది, సూక్ష్మజీవులకు పట్టు దొరుకుతుంది. అంతకన్నా ముఖ్యమైనది లాలాజలం. ఆవు రోజుకు వంద లీటర్లకు పైగా లాలాజలం మింగుతుంది. అందులో ఉండేది... మన వంటింట్లో ఉండే వంటసోడా లాంటి ఉప్పు! లోపల తయారయ్యే ఆమ్లాల ఘాటును అదే విరుస్తుంది. అంటే పులుపు పుట్టేదీ అక్కడే, విరుగుడు దిగేదీ అక్కడికే. ఈ తూకం నిలబడాలంటే పశువు నమలాలి. నమలాలంటే మేతలో పీచుండాలి.

పులిసేటప్పుడు గ్యాస్ కూడా పుడుతుంది కదా! పశువు దాన్ని ఎప్పటికప్పుడు త్రేన్పులుగా వదిలేస్తుంది. అందులో మీథేన్ ఉంటుంది. భూమిని వేడెక్కించే వాయువుల్లో అదొకటి. ఆవుల త్రేన్పుల మీద ప్రపంచమంతా పరిశోధనలు నడుస్తున్నది ఇందుకే.

తల్లి నాకిన గుర్తు

ఈ కూలీలు పుట్టుకతో రారు. అప్పుడే పుట్టిన దూడ రూమెన్ చిన్నది, పనికి సిద్ధంగా లేనిది. దూడ పాలు తాగుతుంటే గొంతు దిగువన ఒక కాలవ లాంటిది ముడుచుకుని, పాలను నేరుగా నాలుగో గదిలోకి పంపేస్తుంది. అందుకే మొదట్లో అది మనలాంటి ఒంటిపొట్ట జీవే.

మరి సూక్ష్మజీవులు ఎక్కణ్నుంచి వస్తాయి? తల్లి నాలుక నుంచి. కొట్టంలోని గడ్డి నుంచి. పక్కన కట్టేసిన పశువుల ఎంగిలి నుంచి. ఈనగానే తల్లి దూడను ఒళ్లంతా నాకడం చూసే ఉంటారు. అది ముద్దూమురిపెమే కాదు, ఆస్తి పంపకం కూడా. పెద్ద పశువులకు దూరంగా, విడిగా పెంచిన దూడల రూమెన్‌లో ప్రోటోజోవా చేరనే చేరదని పరిశోధకులు తేల్చారు. వారాలు గడిచేకొద్దీ దూడ తల్లి పక్కన చేరి పరకలు కొరుకుతుంది. కొరికిన పరక పులుస్తుంది. పుట్టిన ఆమ్లాలే రూమెన్ గోడల్ని ఎదిగేలా చేస్తాయి. మేతే పొట్టను తయారుచేసుకుంటుందన్నమాట.

పెళ్లింటి మర్నాడు

ఇంత పెద్ద లోకం ఒక్క రాత్రిలో తలకిందులవుతుంది. ముహూర్తాల రోజుల్లో పల్లె పశువైద్యులకు బాగా తెలిసిన కథ ఇది.

పెళ్లి బాగా జరిగింది. బంతులు లేచాయి. గంగాళంలో సగానికి సగం అన్నం మిగిలిపోయింది. పారబోయడానికి చేతులు రావు. అన్నం పరబ్రహ్మస్వరూపం కదా! దొడ్లో పాడిగేదె ఉండనే ఉంది. తెచ్చి కుడితి తొట్టిలో వేస్తారు. అది తల ఎత్తకుండా తింటుంది. తెల్లారి చూస్తే పాల చెంబు నిండదు. మేత ముట్టదు. ఎడమ డొక్క బరువుగా వేలాడుతుంది. పేడ పలచగా, పుల్లటి వాసనతో పడుతుంది. నడిపిస్తే తూలుతుంది. డాక్టరు వస్తారు. అప్పుడు ఏ ఊళ్లోనైనా సంభాషణ ఇంచుమించు ఇలాగే నడుస్తుంది.

"రాత్రి ఏం పెట్టారమ్మా?"

"ఏం లేదండీ... కాస్త అన్నం."

"కాస్తంటే?"

"రెండు గంపలండీ."

"నెమరేసిందా?"

"రాత్రి నుంచీ లేదండీ డాక్టరు గారూ..."

ఆ రాత్రి లోపల జరిగింది ఇదీ. అన్నంలో ముడి వదులు కదా! నెమ్మదిగా పరకను కోసుకునే బ్యాక్టీరియాకు అక్కడ పనిలేదు. పిండిపదార్థాన్ని ఆవురావురుమని తినే వేరే రకం బ్యాక్టీరియా గంటల్లో పెరిగిపోతుంది. అది లాక్టిక్ ఆమ్లాన్ని కుమ్మరిస్తుంది. పెరుగును పులిపించే ఆమ్లమే అది. మరోపక్క మెత్తటి అన్నాన్ని నమలాల్సిన పని లేదు. నమలకపోతే లాలాజలం ఊరదు. లాలాజలం లేకపోతే విరుగుడు సోడా దిగదు. మామూలుగా ఆరు, ఏడు మధ్య ఉండే రూమెన్ పీహెచ్ అయిదు కన్నా కిందికి జారిపోతుంది. అంత పులుపులో గడ్డిని అరిగించే సూక్ష్మజీవులు బతకవు. ప్రోటోజోవాలు చచ్చిపోతాయి. రూమెన్ కదలడం మానేస్తుంది. ఆ చిక్కటి పులుపు శరీరంలోని నీటిని రక్తంలోంచి లాగేసుకుంటుంది. చుట్టూ ఇంత ద్రవం పెట్టుకుని పశువు లోపల ఎండిపోతుంది! ఆమ్లం రక్తంలోనూ చేరుతుంది. వేళకు వైద్యం అందకపోతే ఒకటి రెండు రోజుల్లోనే ప్రాణం పోవచ్చు. బతికి బయటపడిన పశువుల్లో కొన్నిటికి గిట్టలు దెబ్బతిని కుంటుతనం మిగులుతుంది.

అన్నమే కాదు. పిండి, నూకలు, జొన్నలు, మొక్కజొన్నలు, రొట్టెలు, మిఠాయిలు, పండ్లు... ఏదైనా సరే, అలవాటు లేకుండా ఒక్కసారే ఎక్కువగా పడితే ఇదే ముప్పు. 2024 జూన్‌లో కేరళలోని కొల్లం జిల్లాలో ఒక పాడి ఫారంలో పరోటాలు, పనసపండ్లు ఎక్కువగా తిని అయిదు ఆవులు చనిపోయాయి. పెట్టినవారికి వాటి మీద కోపమా? కాదే!

మంచి పాడిగేదె ఇప్పుడు లక్ష రూపాయల మాట. పిల్లల ఫీజులు, ఇంటి ఖర్చులు దాని పొదుగు మీదే నడుస్తున్న ఇళ్లెన్నో. అలాంటి ఇంట్లో ఒక గంప అన్నం ఎంత నష్టం చేయగలదో వేరే చెప్పాలా? పశువు పొరపాటున తినేసిందని తెలిసిన మరుక్షణం కబురు పెట్టాల్సింది పశువైద్యుడికే. తెల్లారేదాకా చూద్దామనుకోకూడదు. డాక్టరు సోడాతో ఆమ్లాన్ని విరుస్తారు, సెలైన్ ఎక్కిస్తారు. పరిస్థితి విషమిస్తే డొక్క కోసి రూమెన్‌ను ఖాళీ చేయాల్సి వస్తుంది. ఆ తర్వాత చేసే వైద్యమే అన్నిటికన్నా విచిత్రమైనది. ఆరోగ్యంగా ఉన్న మరో పశువు రూమెన్ ద్రవాన్ని తీసి దీనికి పట్టిస్తారు. చచ్చిపోయిన కూలీల స్థానంలో కొత్త కూలీలన్నమాట! నెమరువేస్తున్న పశువు నోట్లోంచి ముద్ద తీసి జబ్బు పశువుకు తినిపించడం యూరప్ రైతులు రెండు వందల ఏళ్ల కిందటే చేసేవారు. సూక్ష్మజీవుల సంగతి తెలియకపోయినా ఫలితం తెలుసు వాళ్లకు.

హవాయి మేక ఇచ్చిన మందు

ఒక పశువు పొట్టలోని జీవులు మరో పశువును కాపాడతాయా అన్న ప్రశ్నకు అతిపెద్ద జవాబు దొరికింది ఒక చెట్టు దగ్గర. ఆ చెట్టు తెలుగు రైతులకు కొత్తది కాదు. సుబాబుల్! కృష్ణా, ప్రకాశం, ఖమ్మం ప్రాంతాల్లో కాగితం మిల్లుల కోసం పెంచుతున్న చెట్టే. దాని ఆకు మేకలకు ప్రాణం. మాంసకృత్తులు దండిగా ఉంటాయి. అయితే ఆ ఆకులో మైమోసిన్ అనే విషం కూడా ఉంటుంది.

ఆస్ట్రేలియాలో పశువులకు ఈ చెట్టు ఆకు మేపితే వెంట్రుకలు రాలిపోయాయి. గొంతు దగ్గర థైరాయిడ్ గ్రంథి వాచింది. బరువు పెరగాల్సిన పశువులు చిక్కిపోయాయి. చిత్రమేమిటంటే హవాయి దీవుల్లో అదే ఆకును మేకలు, పశువులు ఏళ్ల తరబడి తింటున్నాయి. వాటికే ఇబ్బందీ లేదు. ఆకు అదే, జాతీ అదే. మరి తేడా ఎక్కడ?

ఆస్ట్రేలియా శాస్త్రవేత్త రేమండ్ జోన్స్‌కు అనుమానం వచ్చింది. తేడా పశువులో కాదు, దాని పొట్టలో ఉన్నవాళ్లలో ఉందేమో! 1980ల తొలినాళ్లలో హవాయి మేక రూమెన్‌లోని సూక్ష్మజీవులను ఆస్ట్రేలియా తెప్పించి అక్కడి పశువులకు ఎక్కించారు. అంతే, అవి సుబాబుల్ తిన్నా ఏమీ కాలేదు! మైమోసిన్ నుంచి పుట్టే విషాన్ని ఆ సూక్ష్మజీవులు విరిచేస్తున్నాయి. కొన్ని పశువులకు ఎక్కిస్తే చాలు, కలిసి మేస్తున్న మిగతావాటికీ అవే పాకాయి. విషాన్ని విరిచే ఆ బ్యాక్టీరియాకు 1992లో సినర్జిస్టిస్ జోన్సీ అని పేరు పెట్టారు. జోన్స్ పేరు అలా నిలిచిపోయింది.

ఇక్కడి రైతుకూ ఇందులో ఒక పాఠముంది. సుబాబుల్ ఆకైనా మొత్తం మేతలో మూడో వంతు మించకుండా, కొద్దికొద్దిగా అలవాటు చేస్తూ పెట్టాలని నిపుణులు చెప్పేది అందుకే. మేత మారితే లోపలి జనాభా కూడా మారాలి. దానికి వ్యవధి కావాలి. రెండు మూడు వారాలు పడుతుంది. ఎండుగడ్డి నుంచి పచ్చిమేతకైనా, పచ్చిమేత నుంచి దాణాకైనా ఇదే సూత్రం.

పరకకు పదును

అలాగని పశువును ఎండుగడ్డికే వదిలేయాలా? అక్కర్లేదు. 2019 పశుగణనలో దేశంలో ఆవులు, ఎద్దులు కలిపి 19 కోట్లకు పైగా, గేదెలు దాదాపు 11 కోట్లు లెక్కకు వచ్చాయి. వాటిలో చాలావాటికి ముఖ్యమైన మేత పంట కోశాక మిగిలే గడ్డే. వరిగడ్డిలో ఇసుకలోని సిలికా లాంటిదీ, సూక్ష్మజీవులకు కొరుకుడు పడని లిగ్నిన్ అనే బిరుసు పదార్థమూ ఉంటాయి. అందుకే దాన్ని కాస్త మెత్తబరిచే పద్ధతి కనిపెట్టారు. 100 కిలోల గడ్డికి 4 కిలోల యూరియాను 50, 60 లీటర్ల నీళ్లలో కలిపి, పొరలుపొరలుగా చల్లి, తొక్కి, గాలి చొరకుండా మూడు వారాలు కప్పి ఉంచుతారు. యూరియా నుంచి పుట్టే అమ్మోనియా పరక బిరుసును వదులు చేస్తుంది. గడ్డిలో పట్టి ఉండిపోయిన నత్రజనితో సూక్ష్మజీవులు తమ ఒంటి మాంసకృత్తులు తయారుచేసుకుంటాయి. చివరికి అది పశువుకే చేరుతుంది. తీసిన గడ్డిని ఘాటు పోయేదాకా ఆరబెట్టాకే మేపాలి. దూడలకు పెట్టకూడదు. కొలత తప్పినా, యూరియాను విడిగా మేపినా విషమే. కాబట్టి మొదటిసారి చేసేటప్పుడు పశువైద్యుడు పక్కనుండాల్సిందే.

పట్నం ఆవు కష్టం వేరు. మిగిలిన అన్నాన్ని పాలిథిన్ కవరులో మూట కట్టి చెత్తకుండీ దగ్గర పెడతారు. ఆవుకు మూట విప్పడం రాదు, కవరుతో సహా మింగేస్తుంది. సెల్యులోజ్ ముడి విప్పగలిగిన ఆ కోటానుకోట్ల కూలీలు కూడా పాలిథిన్ ముందు చేతులెత్తేస్తారు. అది రూమెన్‌లోనే ఉండిపోతుంది. ఏళ్ల తరబడి పేరుకుపోతే పదుల కిలోల కవర్లు ఆపరేషన్ చేసి తీయాల్సి వస్తోంది. పుణ్యం అనుకుని పెట్టిన మూటలో అన్నం ఒక ప్రమాదమైతే, కవరు మరో ప్రమాదం.

ముద్ద చాలు

కనుమనాడు పశువులకు స్నానం చేయించి, కొమ్ములకు రంగులేసి, పొంగలి పెట్టడం మన ఆచారం. మానాల్సిన పనేమీ లేదు. అరచేతిలో పట్టినంత పెడితే ఏ గేదెకూ ఏమీ కాదు. వంద లీటర్ల కుండలో ముద్ద పొంగలి ఏ మూలకు? ముప్పు వచ్చేది దోసిలి గంపైనప్పుడే. మిగతా పండగంతా ఓ మోపు పచ్చగడ్డితో, తొట్టినిండా మంచినీళ్లతో చేయండి. లోపల ఉన్న అతిథులూ తృప్తిగా భోంచేస్తారు.

నిజానికి పెద్దలు ఈ కొలత ఎప్పుడో చెప్పారు. తాము తినేముందు ఆవుకు తీసిపెట్టేదాన్ని గోగ్రాసం అన్నారు. ఇప్పుడు గ్రాసమంటే మనకు మేతే గుర్తొస్తుంది కానీ, ఆ మాటకు అసలు అర్థం కబళం. అంటే ఒక్క ముద్ద. గంగాళం కాదు!